బిగించేసిన కుర్చీ

ఏలూరులో ఎగ్జిబిషన్ పెట్టిన బాబుగారికి, గుండుగొలను నుంచి చెప్పి రాయిస్తున్నది.

ఖాళీ నీళ్ల సీసాల్లో చెత్త కవర్లు కుక్కి, కట్టగట్టి, పైన పాత చీర చుట్టి నా ఎత్తుకి చేసుకున్న కుర్చీ అది. "మామ్మగారూ, ఇది కళండీ, జనానికి చూపించి తెచ్చేస్తాం" అని పట్టుకెళ్లారు. ఇంతవరకూ తేలేదు. మా మనవరాలు బ్లెస్సీ వచ్చి చూస్తే చుట్టూ తాడు కట్టారట, కూర్చోకూడదని బోర్డట, దాన్ని "ఇన్‌స్టలేషన్" అన్నారట. చేపల చెరువు మోటార్లు చూసినదాన్ని, ఇన్‌స్టలేషన్ అంటే నాకు తెలీదనుకున్నారా? నేలకి బిగించేయడమేగా! ఇక ఇవ్వరన్నమాట.

నాకు మోకాళ్లు వంగవు. అది లేక, రోడ్డు పక్కన నిలబడి చేపలు అమ్ముకుంటున్నాను. కూర్చోనివ్వని కుర్చీకి కళేవిటండీ? నన్ను మోస్తేనే దానికి కళ.

సోమవారం మొదటి బస్సుకి వస్తాను. దయచేసి బోల్టులు విప్పి ఉంచండి. లేదంటే తాడు దాటి అందులోనే కూర్చుంటాను. చేపల గంప కూడా తెస్తున్నాను. అదీ కళో కాదో అప్పుడు బోర్డు మీద రాసుకోండి.

బ్లెస్సీ నా మాటలు మెత్తబరిచి రాస్తోందని అనుమానంగా ఉంది. ఎక్కడైనా "దయచేసి" అని కనిపిస్తే అది నాది కాదు.

ఆ కుర్చీ తాలూకు మనిషి
(వేలిముద్ర)