దేవుడి కత్తికి అడ్డం పడ్డాను

కాంచనా, తిరుత్తణి నుంచి నాయన దీవెనలు.

మీ తమ్ముడు తంగరాజు ఫైటింగు చేసే కన్నడ సినిమా షూటింగు చూడబోయానమ్మా. వాళ్ళ పల్లెల వీరదేవుడి కథ. దేవుడి వేషగాడు కత్తెత్తి, భటుడి వేషంలో ఉన్న మనవాడి మీదికి దూకినాడు! మన వీధినాటకంలో వేషగాడికి పూనకమొస్తే చేసినట్టే, కర్పూరం వెలిగించి కాళ్ళ మీద పడి, "సామీ, శాంతించు! వాడు నా బిడ్డ!" అన్నాను. డైరెక్టరు ఎగిరి గంతేసి, "ఈ పెద్దాయన సినిమాలో ఉండాల్సిందే" అన్నాడు. నేనూ సినిమాలో ఉన్నాను తల్లీ!

తంగరాజుకు గీత కూడా పడలేదు. ఇంకో తుండు పంపు, ఒంటి మీదున్నది సినిమాలో అట్నే కనపడాలని ఉతకొద్దన్నారు. ఆవు ఈనిందా?

ఫైటింగులకు పోయినాడని వాడితో మాట మానేసిన మీ అమ్మను శుక్రవారం బస్సెక్కించు. సినిమాలో చచ్చిన భటుడి మీద పడి ఏడ్చే తల్లి వేషానికి మనిషి కావాలంట. వాడు బతికే ఉన్నాడని ముందే చెప్పి పంపు.

సామి మిమ్మల్ని చల్లగా చూడనీ.

మీ నాయన ఆదికేశవులు