మూడున్నర సెకన్ల కారు

షోరూమ్ మేనేజరు గారికి,

కారు ఎలా ఉందని మీవాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. నోటితో చెప్పలేక రాస్తున్నానండి.

మీ దగ్గర అదే కారు రెండు రకాల్లో ఉంది. ఒకటి మూడున్నర సెకన్లలో వంద స్పీడు అందుకుంటుంది. రెండోది ఏడు సెకన్లు తీసుకుంటుంది గానీ, ఒక్క చార్జింగుతో వంద కిలోమీటర్లు ఎక్కువ వెళ్తుంది. నేను రెండోదాని మీదే చెయ్యి వేశాను. మీ సేల్స్ అతను "అది కొంచెం స్లో అండి" అన్నాడు. మా బావ పకపకా నవ్వి, "రొయ్యల చెరువుల చుట్టూ తిరగడానికి అది చాల్లే బామ్మర్దీ" అన్నాడు. అంతే, మొదటిదానికి సంతకం పెట్టేశాను. డెలివరీ రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది మా అక్కే.

మా కాలవగట్టు మీద నలభై దాటితే ఎదురుగా ధాన్యం ట్రాక్టరు. ఆ స్పీడు నాకు ఏనాడూ అక్కరకు రాలేదు.

కిందటి నెల హైదరాబాదులో అక్కకి గుండె ఆపరేషన్. "తమ్ముణ్ణి చూశాకే లోపలికి వెళ్తాను" అందట. భీమవరం నుంచి బయల్దేరాను. ఇంకా యాభై కిలోమీటర్లుందనగా చౌటుప్పల్ దగ్గర చార్జింగ్ అయిపోవచ్చింది. స్టేషన్లో నా ముందు మూడు కార్లున్నాయి. రోడ్డు మీద హైదరాబాదు బస్సులు వెళ్తూనే ఉన్నాయండి. ఇంత కారు కొని బస్సు దిగితే బావ నవ్వుతాడని ఎక్కలేదు.

నేను చేరేసరికి అక్కని లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఆవిడ మళ్ళీ కళ్ళు తెరవలేదు. బావ నవ్వలేదు.

తప్పు మీది కాదు. ఒక్కటే మనవి. నాలాంటివాడు బావని వెంటబెట్టుకుని వస్తే, ఆ రెండో కారుని స్లో అనకండి. చేరుస్తుందని చెప్పండి.

ఇట్లు,
భీమవరం దగ్గర ఉండి గ్రామం, రొయ్యల చెరువులాయన