స్నోడ్రాప్ పూసిన రోజు

శుక్రవారం రాత్రి, మహూజ్

మేడం తెచ్చిన స్నోడ్రాప్ అనే చలిదేశాల పువ్వు దుంపల్ని ఎండలు తగ్గేదాకా ఫ్రిజ్‌లో దాచి, చలి పడ్డాక కుండీలో నాటింది నేను. పొద్దున తొలి తెల్లపువ్వు విచ్చింది. మేడం సంబరపడిపోయి, ఎవరు పెంచారని అడిగారు.

"నేనే మేడం," అంది సత్యవతి వదిన.

ఆమెను ఊరి నుంచి రప్పించి ఈ ఇంట్లో పని ఇప్పించింది నేనే. తర్వాత వంటింట్లో నిలదీశాను.

"ఏమీ అనుకోకే దుర్గా. ఈసారి మేడం మనిద్దరిలో ఒకళ్లకే వీసా పొడిగిస్తారంట. నాకు పిల్లలున్నారు. నీకెవరున్నారు చెప్పు?"

పిల్లలు లేరన్న బాధ ఈ గల్ఫ్ దేశంలో నేను చెప్పుకుని ఏడ్చింది ఆమె ఒక్కదాని దగ్గరే. అదే ఇవాళ నా ముఖాన కొట్టింది. పక్క మంచం మీద హాయిగా నిద్రపోతోంది. నాకు మాత్రం నిద్ర రావడం లేదు.