మంచి వార్త అన్నాను అవ్వా

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంట్లో ప్రార్థన పెట్టుకుందామని బాపు అన్నాడు. నేను మాత్రం కరపత్రాలు పట్టుకొని మెట్‌పల్లిలో మగ్గాల గల్లీకి పోయాను. నువ్వు యేసయ్య గురించి చెబితే నవ్వుతూ వినే మనుషులు, నేను చెబితే గొడవకు దిగుతారు. నేనూ తగ్గను, నీకు తెలుసు కదా.

లచ్చవ్వ పెద్దమ్మ గడపలో కూర్చొని నూలు కండెలు చుడుతోంది. “పెద్దమ్మా, నీకో మంచి వార్త తెచ్చిన” అన్నాను. కరపత్రంలో మొదటి మాట అదే.

ఆమె చేతిలోని కండె జారిపోయింది.

“మా గంగాధర్ దొరికిండా బిడ్డా?” అంటూ లేచి, లోపలికి కేకేసింది. “ఓ పిల్లా, జల్ది రా! దుబాయ్‌కెల్లి కబురొచ్చింది!”

కోడలు తడి చేతులతో ఉరికొచ్చింది. దుబాయ్ పోయిన ఆమె కొడుకు గంగాధర్ ఫోను నెలల తరబడి పలకడం లేదని నాకు అప్పుడే తెలిసింది.

“గా కబురు కాదు పెద్దమ్మా. యేసయ్య వార్త.”

కోడలు వెనక్కి తిరిగి లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది, ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి. పెద్దమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“మీ దేవుడు దుబాయ్‌ల గూడ ఉంటడా?”

“ఉంటడు.”

“అయితే జర అడుగు. గిప్పుడే అడుగు.”

కళ్ళు మూసుకున్నాను. నేను చదివినవన్నీ మనుషులకు ఏం చెప్పాలో నేర్పినవే. దేవుణ్ణి అడగడానికి ఒక్క మాటా రాలేదు. కళ్ళు తెరిస్తే, పెద్దమ్మ చేతులు జోడించి నా నోటివంకే చూస్తోంది.

“ఏమన్నడు బిడ్డా?” అని అడిగింది.

ఏం చెప్పాలవ్వా?