పడకుండా ఇరవై ఒక్క రోజులు

నవంబర్ 24, సోమవారం. పొద్దున 5:40

వచ్చేశాయి! పెడల్స్, బూట్లు, రెండూ!

భువనగిరిలో సైకిల్ బ్యాచ్ నడిపే గోపీకృష్ణ నిన్న వచ్చి నా సైకిలుకు పాత పెడల్స్ పీకేసి ఇవి బిగించాడు. బూటు అడుగున ఇనుప ముక్క, పెడల్‌లో స్ప్రింగు. తొక్కితే టక్కున పట్టుకుంటుంది. మడమ బయటికి తిప్పితే వదులుతుంది. అంతే! బండల దారిలో కాలు జారదు, ఎత్తు ఎక్కేటప్పుడు కాలు పైకి లాగినా బలమే. పేరు క్లిప్‌లెస్, అంటే క్లిప్పు లేనిదని. ఎందుకో అడక్కూడదట.

"మొదట్ల అందరు పడ్తరు అన్నా" అన్నాడు. అందరూ పడొచ్చు. నేనెందుకు పడతాను?

నిర్ణయం: ఇరవై ఒక్క రోజులు. ఊరి నుంచి భువనగిరిలో నా మోటార్ల దుకాణం దాకా రోజూ దీని మీదే. ఒక్కసారి కూడా పడకుండా. ఆఖరి రోజు గోపీకృష్ణ బ్యాచ్‌తో గుట్ట వెనక బండల మీదికి. నలభై మూడేళ్లకే పొట్ట ముందు నడుస్తోంది, నేను వెనక నడుస్తున్నాను. ఇక చాలు.

గోడ పట్టుకుని అరగంట ప్రాక్టీసు. టక్. టిక్. టక్. టిక్. ఎంత హాయిగా ఉందో!

నా భార్య స్వరూప వాకిలి ఊడుస్తూ చూసింది. "మంచిగున్న కాళ్లను తెచ్చి సైకిలుకు కట్టేసుకునుడేందయ్యా?"

ఆడవాళ్లకు టెక్నాలజీ ఎక్కదు.

నవంబర్ 25, మంగళవారం

అద్భుతం! సైకిలూ నేనూ ఒకటే అయిపోయాం. రైల్వే గేటు దగ్గర ఎత్తు తెలియనే లేదు. దుకాణం దగ్గర షట్టరు పట్టుకుని ఆగాను. అది పడడం కాదు.

సాయంత్రం వస్తుంటే అరుగు మీద లింగస్వామి కాక. "ఏం బిడ్డా, దుకాన్ల నుంచేనా?"

మా ఊళ్లో ఈ ప్రశ్నకు కాలు కింద పెట్టి జవాబు చెప్పాలి. నేను తొక్కుతూనే "అవును కాకా!" అని అరిచి వచ్చేశాను. ఆగే విద్య ఇంకా పూర్తిగా రాలేదు మరి.

నవంబర్ 30, ఆదివారం

పెద్ద కబురు. పంచాయతీ ఎన్నికల్లో స్వరూప మా వార్డుకు నామినేషన్ వేసింది! ఆడవాళ్ల సీటు. ఎదుటి మనిషి జానమ్మ.

నాకు ముందే తెలుసు వేస్తుందని. మా గల్లీ మోరీలో మురుగునీరు నాలుగేళ్లుగా ఇళ్ల ముందే నిలిచిపోయింది. పోయిన వానాకాలం మా పాప అక్షిత డెంగ్యూతో వారం రోజులు దవాఖానలో పడుకుంది. స్వరూప పంచాయతీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో. ప్రతిసారీ "చేస్తమమ్మా" అన్నారు. "ఇగ నేనే కూసుంట ఆ కుర్సీల" అంది.

కానీ సాయంత్రానికే రచ్చ. లింగస్వామి కాక ఇంటింటికీ చెబుతున్నాడట, "పెండ్లాం ఇంక గెల్వనే లేదు, కమలాకర్‌కు అప్పుడే కండ్లు నెత్తికెక్కినయి. పిలిస్తె ఆగుతలేడు."

స్వరూప గరిటె పట్టుకునే వచ్చింది. "సూడు. పిలిస్తె ఆగాలె. కాలు కింద పెట్టాలె. మంచిగున్నవా కాకా అనాలె. నువ్వు ఆగకపోతె నా ఓటు పోతది."

సరే. ఆగుతాను. ఎంతసేపు పని!

డిసెంబర్ 1, సోమవారం

ఆగాను.

లింగస్వామి కాక పిలిచాడు. బ్రేకు వేశాను. మడమ తిప్పాను, లోపలికి. అది బయటికి తిప్పాల్సింది. సైకిలు ఆగింది, కాలు రాలేదు. అలా నిలబడ్డాం కాసేపు, నేనూ సైకిలూ. తర్వాత నెమ్మదిగా ఎడమకు వాలాం. సరిగ్గా కాక పాదాల మీదికి!

కాక గాభరాగా లేచి భుజాలు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. "గింత మాత్రానికి కాళ్ల మీద పడాల్నా బిడ్డా? నేనేదో కోపానికన్న. లే. మా ఇంటి ఓట్లన్ని స్వరూపకే."

లేవలేను. ఇంకో కాలు కూడా లాకులోనే ఉంది. లేవకపోయేసరికి కాకకు ఇంకా గౌరవం పెరిగింది.

ఇరవై ఒక్క రోజుల లెక్క రేపటి నుంచి కొత్తగా.

డిసెంబర్ 3, బుధవారం

యాదమ్మ అత్త ఇంటి ముందు పడ్డాను. కారణం: మేక.

యాదమ్మ అత్త ఎవరో కాదు, జానమ్మకు సొంత పిన్ని! అయినా చల్ల ఇచ్చి మోచేతికి పసుపు పెట్టింది. "మా జానమ్మ గిట్ల ఒక్కనాడన్న ఒంగి దండం పెట్టిందా?"

లెక్క రేపటి నుంచి.

డిసెంబర్ 5, శుక్రవారం

మళ్లీ యాదమ్మ అత్త దగ్గరే. కారణం: నిన్నటి వాన, గులకరాళ్లు, కొత్త బూటు బిగుతు. దానికి ముందు రేషన్ దుకాణం దగ్గర ఒకటి. కారణం: రాయలేను.

మోకాలు, మోచేయి, అభిమానం, మూడూ గీసుకుపోయాయి.

విచిత్రం ఏమిటంటే స్వరూప మొహం వెలిగిపోతోంది. పొద్దున టిఫిన్ డబ్బా ఇస్తూ, "ఇయ్యాల కుమ్మరోళ్ల గల్లి మీదికెళ్లి పో" అంది.

"అది చుట్టూరా కదా?"

"పో జర."

వెళ్లాను. పడ్డాను. ఇప్పుడర్థమైంది, ఆ గల్లీలోనూ ఓట్లున్నాయి.

జానమ్మ మొగుడు గుర్వయ్య కూడా నిన్న మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడట. మంచి జాగా చూసుకుని, గడ్డి మీద. ఎవరూ నమ్మలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

గోపీకృష్ణ వచ్చి చూసి తల కొట్టుకున్నాడు. "స్ప్రింగు గింత టైటుంటే ఎట్ల వస్తది అన్నా? చెప్పొద్దా?" స్క్రూ వదులు చేశాడు. ఆగడానికి పది అడుగుల ముందే ఒక కాలు తీసి పెట్టుకోవాలట. ఇంత చిన్న సంగతి!

సాయంత్రం దాకా బడి ముందు తిరిగాను. ఒక్కసారీ పడలేదు. ఒక్కసారి కూడా!!

డిసెంబర్ 10, బుధవారం

పడలేదు. నిన్నా పడలేదు, మొన్నా పడలేదు. ఎక్కడ పిలిస్తే అక్కడ టిక్ మని కాలు దిగుతోంది, రాజాలాగా. ప్యాంటు కూడా వదులైంది.

స్వరూపకు చెప్పాను. "మంచిది" అని పప్పు రుబ్బుకుంది.

డిసెంబర్ 11, గురువారం

స్వరూప ఓటు అడగడానికి గల్లీ చివర బీరమ్మ అవ్వ ఇంటికి వెళ్లింది. ఇంట్లో నాలుగు ఓట్లు. అవ్వ మొహం తిప్పుకుందట.

"గల్లీల అందరిండ్ల ముందట పడ్డడు నీ మొగడు. ఆ యాదమ్మ కాడైతె రెండుమాట్ల పడ్డడు. మా ఇంటి ముందట ఎందుకు పడలే? మేం కానోళ్లమా?"

స్వరూప ఎంత చెప్పినా వినలేదట. పెళ్లి పిలుపు అందనివాళ్లలా అలిగి కూర్చుంది.

రాత్రి అన్నం పెడుతూ స్వరూప ఏమీ అడగలేదు. అక్షిత మంచానికి దోమతెర కట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అంతే. అడిగితే బాగుండేది, గట్టిగా కాదనేవాడిని.

డిసెంబర్ 12, శుక్రవారం

నిర్ణయానికి చిన్న సడలింపు. ఒకే ఒక్కసారి. బీరమ్మ అవ్వ ఇంటి ముందు. అది లెక్కలోకి రాదు.

వెళ్లాను. అవ్వ నలుగురిని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టుకుని ఉంది. ఆగాను. టిక్! కాలు దానంతట అదే దిగిపోయింది.

వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. టిక్!

"ఏం బిడ్డా, పడవా?"

"పడ్తున్న అవ్వా, జర ఆగు."

"యాదమ్మ కాడ మంచిగ పడ్డవంట గదా?"

"గది తెల్వకుంట పడ్డది అవ్వా."

"మా కాడ తెలిసి పడు."

మూడోసారి. టిక్! నా కాలు నా మాట వినడం లేదు. పది రోజులు నేర్పమని మొక్కితే రాని విద్య ఇప్పుడు పొమ్మన్నా పోదు! అరుగు మీద ఎవరో ఆవులించారు. అవ్వ లేచి లోపలికి పోయింది.

గోపీకృష్ణకు ఫోన్ చేసి ఎలా పడాలి అని అడిగాను. చాలాసేపు నవ్వు వినిపించింది, తర్వాత ఫోన్ కట్టయింది.

డిసెంబర్ 13, శనివారం

రేపే ఓట్లు. ప్రచారం బంద్. పడడం ప్రచారం కిందికి వస్తుందా? వస్తుందని ఎవరూ చెప్పలేదు. నేను ఓటు అడగను. నోరు మూసుకుని పడతాను.

స్క్రూ తిరిగినంత బిగించాను. గల్లీ మలుపు తిరిగేసరికి భయం పట్టుకుంది. నిజమైన భయం. బూట్లు కదలడం లేదు! వద్దు, ఈ పని నావల్ల కాదు, నేరుగా దుకాణానికి పోదాం అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అవ్వ కోడిపెట్ట చక్రానికి అడ్డం వచ్చింది.

మోరీలో పడ్డాను.

మొత్తంగా. బూట్లు, పెడల్స్, పొట్ట, మీసాలు. నాలుగేళ్ల మోరీ. నోట్లోకి కూడా కొంచెం పోయింది. అందులో పడి ఉండి మొదటిసారి అనిపించింది, స్వరూప ఇన్నాళ్లూ దేని గురించి మొత్తుకుంటోందో నేను సరిగ్గా వినలేదని. దీని పక్కనే నా బిడ్డ ఆడుకుంటోంది. సిగ్గేసింది.

పైన బీరమ్మ అవ్వ గొంతు గల్లీ అంతా వినిపించింది. "సూసిన్రా! యాదమ్మ కాడ మట్టిల పడ్డడు. మా కాడ మోరీల పడ్డడు!"

వేణ్నీళ్లు కాచి అవ్వే నా నెత్తి మీద పోసింది.

డిసెంబర్ 14, ఆదివారం

స్వరూప గెలిచింది!! మూడు ఓట్ల తేడాతో!

బీరమ్మ అవ్వ నడివీధిలో నాలుగు వేళ్లు చూపిస్తూ తిరుగుతోంది. లింగస్వామి కాక తన ఓట్లే అంటున్నాడు. యాదమ్మ అత్త నవ్వుతోంది. స్వరూప అక్షితను ఎత్తుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ బయట సైకిలు కడుగుతూ.

ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు. గోపీకృష్ణ బ్యాచ్ గుట్ట ఎక్కి దిగేశారట.

డిసెంబర్ 17, బుధవారం. పొద్దున 5:40

కొత్త నిర్ణయం! ఇరవై ఒక్క రోజులు, పడకుండా. ఈసారి ఖాయం. స్క్రూ వదులు చేశాను. ఓట్లు అయిపోయాయి, ఇక నన్ను ఆపేదెవరు?

సాయంత్రం

దివ్యంగా సాగింది. లింగస్వామి కాక దగ్గర ఆగాను, టిక్. యాదమ్మ అత్త, టిక్. బీరమ్మ అవ్వ, టిక్. అందరికీ దండం పెట్టాను. అందరూ నన్ను కింది నుంచి పైకి చూశారు.

7:10

స్వరూప ఇప్పుడే బయటి నుంచి వచ్చింది. మోరీ పని బీరమ్మ అవ్వ ఇంటి దగ్గర మొదలుపెట్టిస్తుందట. సంతోషం. కానీ మొహం బాలేదు.

"ఏమైంది?"

"ఊరంత ఒకటే మాట. ఓట్లకు ముందట పడ్డడు, గెలిచినంక పడ్తలేడు సూడు, అంటున్నరు."

కొత్త నిర్ణయం సోమవారం నుంచి. స్క్రూ బిగించాను. రేపు మొదట లింగస్వామి కాక ఇల్లు.