నర్సింగ్ ఫోన్‌లో లైబ్రరీ

మంగళవారం, రాత్రి.

పొద్దున పంజాగుట్టలో దోస్తులమంతా చాయ్ తాగుతుంటే యాదగిరి అడిగాడు, థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేసుకోవచ్చా అని. నాలుగు గంటల ఎడం ఉండాలన్నాను. జీవితమంతా వైద్యం చేసినవాణ్ణి. అయినా అతను నా కాలేజీ క్లాస్‌మేట్ నర్సింగ్ వైపు తిరిగి, "డాక్టర్ సాబ్, జర ఫోన్ల చూడుండ్రి" అన్నాడు. ఆ పిలుపు ఇన్నాళ్లూ నాది.

కాలేజీ లైబ్రరీలో పుస్తకం మీద తలపెట్టి నిద్రపోయిన నర్సింగ్, ఇప్పుడు వైద్య గ్రంథాలయాన్నే జేబులో వేసుకు తిరుగుతున్నాడు. కళ్లద్దాలు సవరించుకుని తీరిగ్గా చదివాడు.

"నువ్వు చెప్పింది కరెక్టే భాయ్. గిండ్ల సుత గదే ఉన్నది."

అప్పుడు గానీ యాదగిరి తలూపలేదు.

పరీక్షల్లో నా జవాబులు చూసి గట్టెక్కినవాడు, ఇవాళ అందరి ముందూ నన్ను పాస్ చేశాడు. నాది తప్పని తేలినా ఇంత మండేది కాదేమో...