గేటు మీది పేరుకు

మెట్‌పల్లి,
12 ఫిబ్రవరి 2025.

గేటు మీది పేరు చూసి రాస్తున్నాను, లక్ష్మీకాంతరావు గారికి నమస్కారం.

మీరు నన్ను ఎరగరు. నా పేరు రోజారాణి. మంచిర్యాల బస్సులో కండక్టర్‌ను. రోజూ ఉదయం ఏడు గంటలకు మా బస్సు మీ గల్లీ మొదట్లో ఆగుతుంది. ఎక్కేవాళ్ళు ఎక్కేదాకా నేను మీ ఇంటినే చూస్తుంటాను. ఆ ఇల్లు అమ్ముతారేమో అడుగుదామని ఈ ఉత్తరం.

ముక్కూమొహం తెలియని మనిషి ఇలా అడగడం బాగుండదని తెలుసు. ఏం చేయను, ఫోనులో వెతికి వెతికి విసిగిపోయాను. మెట్‌పల్లిలో ఇల్లు కావాలని కొడితే హైదరాబాదులో ఇరవై నాలుగో అంతస్తు చూపిస్తుంది. ఒక్కసారి నంబరు ఇచ్చిన పాపానికి రోజుకు పదిమంది ఫోన్ చేసి విల్లా కొనమంటున్నారు. మొన్న ఒకాయన "మేడమ్, మీ బడ్జెట్ కోటిన్నరా, రెండున్నరా?" అని అడిగాడు. అప్పుడు నా చేతిలో టికెట్ మిషను, చంకలో చిల్లర బ్యాగు. మా డ్రైవర్ హనుమండ్లన్న పడీపడీ నవ్వి, "ఇల్లు ఫోన్ల దొరుకుతదా చెల్లె? గేట్ల పొంటి తిరిగి అడగాలె" అన్నాడు. అందుకని నచ్చిన ఏడు ఇళ్ళ గేట్ల మీది పేర్లు రాసుకొని ఏడు ఉత్తరాలు రాశాను. మీది మొదటిది.

మేము ఉంటున్న కిరాయి ఇల్లు ఉగాదిలోపు ఖాళీ చేయాలి. బ్యాంకువాళ్ళు లోను ఇస్తామన్నారు. ఇల్లే దొరకాలి.

ఇట్లు,
మీ జవాబు కోసం చూసే
రోజారాణి

తా.క.: మీ కిటికీ ఊచకు సుతిలితో కట్టిన క్యాలెండరు గాలికి ఊగుతుంటే నాకు మా ఇల్లే గుర్తొస్తుంది. మాదీ అలాగే ఊగుతుంది.


మెట్‌పల్లి,
17 ఫిబ్రవరి 2025.
రిజిస్టర్డ్ పోస్టు ద్వారా.

ఆర్టీసీ కండక్టర్ శ్రీమతి రోజారాణి గారికి, రిటైర్డ్ డాక్యుమెంట్ రైటర్ లక్ష్మీకాంతరావు వ్రాయునది ఏమనగా,

మీ ఉత్తరం అందినది. చదువుకొంటిని. ఇల్లు అమ్మబడదు.

ఫోను చేయవచ్చు కదా అంటారేమో. ముప్పై నాలుగేళ్ళు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందర కూర్చొని దస్తావేజులు రాసిన మనిషిని. నోటిమాటకు విలువ లేదు. అన్నీ కాగితం మీదే ఉండాలి.

మీరు ఉత్తరాన్ని గేటుకు గుచ్చి పోయారు. దాన్ని ముందు చూసింది పాల కొమురవ్వ. ఆమెకు చదువు రాదు, ఓపికా లేదు. ఇస్త్రీ బండి ముత్తయ్యతో చదివించింది. ముత్తయ్యకు మెల్లగా చదవడం చేతకాదు. నేను పళ్ళు తోముకొని వచ్చేసరికి గల్లీలో నాకు తప్ప అందరికీ సంగతి తెలుసు. "ఏంది సారూ, ఇల్లు అమ్ముతున్నరట గద, ఒక్క మాట చెప్పకపోతిరి" అని కొమురవ్వ నిష్ఠూరం. ఆనాడు పాలు కూడా తక్కువే పోసింది.

ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాం. ఒక్క గోడకు ఒక్క మేకు దెబ్బ లేదు. కావాలంటే వచ్చి తడిమి చూసుకోవచ్చు. వద్దు, రావద్దు, గల్లీ చూస్తుంది. ముందరి రెండు గదులు మాకు చాలు. వెనక మూడు గదులు తాళం వేసే ఉంటాయి. మూడు గదులకు తాళం వేసుకొని బతికే మనిషికి ఇల్లు అమ్ముకొనే ఖర్మ ఏమిటి?

ఇది ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసిన ఉత్తరం.

ఎల్. లక్ష్మీకాంతరావు

తా.క.: గిది నేను, జానకీబాయిని రాస్తున్న. కవరు అంటించుడు నా పని. ఆయన మాటలు మనసుల పెట్టుకోకు బిడ్డా. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిండు. "రాత మంచిగుంది" అన్నడు. నా రాతను ఎన్నడు గట్ల అనలే. గోడలు సాఫ్‌గున్నయని రాసిండు గదా, మా పెండ్లి ఫోటో ఇరవై ఆరేండ్ల సంది బియ్యం డ్రమ్ము మీదనే ఉంది.


మెట్‌పల్లి,
22 ఫిబ్రవరి 2025.

లక్ష్మీకాంతరావు సార్‌కు, జానకమ్మకు నమస్కారాలు.

సార్, మీ రిజిస్టర్డ్ కవరు డిపోకు వచ్చింది. నా మీద ఛార్జిషీటు వచ్చిందని అందరూ అనుకున్నారు. క్లర్కు "ధైర్యంగ ఉండు చెల్లె" అంటూ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నేను కవరు చింపి నవ్వేసరికి మనసు చెదిరిందనుకొని ఇంకో గ్లాసు తెచ్చాడు.

గల్లీలో మీ పరువు తీసినందుకు క్షమించండి. ఆ ఇంటి మాట మళ్ళీ ఎత్తను. కాని ఒక సాయం అడుగుతాను. మా నాన్న సిరిసిల్లలో మరమగ్గాలు నడిపాడు. మాకు సొంతిల్లు అన్న మాటే తెలియదు. పెళ్ళయ్యాక పదిహేనేళ్ళలో ఇది పదకొండో కిరాయి ఇల్లు. మా పాప శ్రీనిత ప్రతి పుట్టినరోజుకూ తలుపు పక్కన నిలబడి తన ఎత్తుకు పెన్సిలుతో గీత గీయమంటుంది. గీస్తాను, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తడిబట్టతో తుడిచేస్తాను. పోయినసారి తుడుస్తుంటే "అమ్మా, నేను ఎంత పెరిగిన్నో ఏ ఇంటికీ తెల్వదు గదా" అన్నది. ఆ మాట నాకు ఇంకా నిద్రపట్టనివ్వడం లేదు.

బోర్డు పెట్టకుండా, ఫోనుకెక్కకుండా అమ్ముకొనే ఇళ్ళు మీకు తెలియకుండా ఉండవు. ఒకటి రెండు చెప్పరూ?

ఇట్లు,
రోజారాణి

తా.క.: క్షమాపణగా లడ్డూలు పంపుతున్నాను. హనుమండ్లన్న తెచ్చి ఇస్తాడు.

మళ్ళీ తా.క.: మిగతా ఆరు ఉత్తరాల సంగతి అడగకండి. ఒకరు చందా కోసమనుకొని గేటు వేసుకున్నారు. ఒక ఉత్తరాన్ని కుక్క తినడం నేనే చూశాను.


మెట్‌పల్లి,
1 మార్చి 2025.

రోజారాణి గారికి,

క్షమాపణ ఇలాగేనా చెప్పడం? మీ హనుమండ్లు బస్సును గల్లీ మొదట్లో ఆపి, హారను మీద హారను కొట్టి, బస్సు జనమంతా కిటికీల్లోంచి చూస్తుండగా డబ్బా నా చేతిలో పెట్టాడు. "రోజారాణి పంపింది సార్, నోరు తీపి చేసుకోండ్రి" అని అరిచాడు.

అమ్మా, మన దిక్కు ఇల్లు కొనేవాళ్ళు అమ్మేవాళ్ళకు మిఠాయి డబ్బా ఎప్పుడు పంపుతారు? బయానా ఇచ్చి, మాట ఖాయమైనాక. ఈ ఊరి బయానా కాగితాలు రాసింది నేను, అయినా ఆ డబ్బా ఎందుకు పుచ్చుకున్నానో నాకే తెలియదు. గల్లీ తీర్మానం చేసేసింది. కొమురవ్వ వచ్చి "కొత్తోళ్ళకు పాలు ఎన్ని పొయ్యాలె సారూ?" అని అడుగుతున్నది.

సరే, అడిగారు కనుక చెబుతున్నాను. ఇల్లు అమ్మాలనుకున్నవాడు ముందు బోర్డు పెట్టడు, పాత దస్తావేజు నకలు తీయించుకుంటాడు. నకళ్ళకు ఎవరెవరు తిరుగుతున్నారో ఆఫీసు ముందరి చాయ్ హోటల్లో కూర్చుంటే తెలుస్తుంది. మీ కోసం నాలుగు రోజులు కూర్చున్నాను. వాటర్ ట్యాంకు దగ్గర పెంకుటిల్లు ఒకటుంది, కాని అన్నదమ్ములు నలుగురు, సంతకాలకు ఒప్పుకున్నది ముగ్గురు. కోరుట్ల రోడ్డులోని దానికి కాగితాలు శుద్ధం, బోరులో నీళ్ళు లేవు. పాత బజారులోని దానికి అన్నీ బాగున్నాయి, ఇంటాయనే బాగాలేడు. 1998లో నా చేత కాగితం రాయించుకొని చాయ్ కూడా తాగమనలేదు. అయినా పోయి చూడండి.

ఎల్. లక్ష్మీకాంతరావు

తా.క.: జానకీబాయిని. లడ్డూలు మస్తున్నయ్. ఆయనకు షుగరు. "గల్లీకి జవాబు చెప్పాలంటె తాకతు కావాలె" అనుకుంట నాలుగు తిన్నడు.


మెట్‌పల్లి,
7 మార్చి 2025.

సార్‌కు, జానకమ్మకు నమస్కారాలు.

మూడు ఇళ్ళకూ పోయి వచ్చాను. వాటర్ ట్యాంకు దగ్గరివాళ్ళు "రావుసారు ఇంటికి బయానా ఇచ్చి గిటెందుకు వచ్చినవ్?" అన్నారు. కోరుట్ల రోడ్డు ఆయన "రెండిండ్లు కొంటున్నవా? కండక్టర్లకు గింత జీతమా?" అని మా ఆయనను పక్కకు పిలిచి అడిగాడు. పాత బజారు ఆయన "రావుసారు ఇల్లు ఎంతకు వడ్డదో చెప్పు, తర్వాత నా ధర చెప్త" అన్నాడు. చాయ్ నాకూ ఇవ్వలేదు.

సార్, నవ్వులాటకు రాశాను కాని నాకు భయంగా ఉంది. ఉగాదికి ఇంకా ఇరవై మూడు రోజులే. మీ ఇల్లు కొన్నానన్న పేరుతో ఈ ఊళ్ళో నాకెవరూ ఇల్లు చూపించడం లేదు. మీ ఇల్లు అమ్మడం లేదని నలుగురికీ తెలిసేట్టు ఒక కాగితం రాసి పెట్టండి. మీ రాతను ఊరు నమ్ముతుంది.

ఇట్లు,
రోజారాణి

తా.క.: ఏడు గంటలకు బస్సు ఆగగానే మీరు కిటికీ దగ్గరికి వచ్చి క్యాలెండరులో తేదీ చూస్తారు. అదే తేదీని బస్సు కదిలేదాకా చూస్తారు. నేను గమనించాను.

మళ్ళీ తా.క.: పెయింటు బకెట్‌లోని కరివేపాకు చెట్టు బాగా పెరిగింది. నేలలో పెడితే ఇంకా ఎదుగుతుందేమో సార్.


మెట్‌పల్లి,
14 మార్చి 2025.

చిరంజీవి రోజారాణికి ఆశీస్సులు.

నువ్వు అడిగినట్టే గేటుకు కాగితం కట్టాను. "ఈ ఇల్లు అమ్మబడలేదు, అమ్మబడదు, అమ్మే ఉద్దేశం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ముత్తయ్య దాన్ని ఫోటో తీసి గల్లీ వాట్సాప్‌లో పెట్టాడు. అది తిరిగి తిరిగి మంచిర్యాలలో కరుణాకర్ అనే ఆయన ఫోనుకు చేరింది. ఆయన నిన్న వచ్చాడు. గేటు మీది కాగితం చింపి నా చేతిలో పెట్టి, "నా ఇల్లు అమ్మనని రాసెటందుకు నువ్వెవలవు?" అన్నాడు.

ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. ఇల్లు ఆయనది. నేను కిరాయిదారుణ్ణి.

మా తాతకు ఊరు చుట్టూ భూములుండేవి. నా దాకా వచ్చేసరికి పేరు చివర రావు ఒక్కటే మిగిలింది. ఈ ఇంట్లో దిగినప్పుడు, ఉత్తరాలు తప్పిపోకుండా గేటుకు పేరు కట్టుకొమ్మని కరుణాకర్ తండ్రి అన్నాడు. ఆ సంగతి తెలిసిన పాతవాళ్ళు గల్లీలోంచి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళు పేరు చూసి ఇల్లు నాదే అనుకున్నారు. కాదని నేను చెప్పలేదు. వెనక గదుల తాళాలు కరుణాకర్‌వి.

రెండు వేలకు పైగా దస్తావేజులు రాశాను బిడ్డా. కొన్నవారు అనే చోట నా పేరు ఒక్కసారీ రాసుకోలేకపోయాను. నీ ఉత్తరం వచ్చినరోజు, మీ ఇల్లు అమ్ముతారా అని నన్ను జీవితంలో మొదటిసారి ఒకరు అడిగారు. అమ్మను అని రాస్తుంటే ఎంత బాగుందో చెప్పలేను. ఆ సంబరం కోసం నీకు నెల రోజులు నష్టం చేశాను. సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు.

ఇక అసలు మాట. కరుణాకర్ రెండేళ్ళుగా ఇల్లు అమ్మాలనుకుంటున్నాడట. మమ్మల్ని పొమ్మనడానికి ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాడు. నా కాగితంతో ఆ మొహమాటం తీరింది. నువ్వు వెంటనే ఆయనతో మాట్లాడు. దాని దస్తావేజు 1991లో నేనే రాశాను, ఒక్క అక్షరం తేడా లేదు. ఇప్పటి హద్దులు: తూర్పున గల్లీ, పడమర డాక్టరు గారి ప్రహరీ, ఉత్తరాన ముత్తయ్య బండి నిలిచే ఖాళీ జాగా, దక్షిణాన కొమురవ్వ బర్రెల కొట్టం. బోరులో ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి. లోపం ఒక్కటే, ముందరి గదుల్లో ఇద్దరు మనుషులున్నారు. వాళ్ళు ఉగాదిలోపు ఖాళీ చేస్తారు.

శ్రీనిత గీతకు తలుపు పక్కన మంచి జాగా ఉంది. చూసిపెట్టాను.

ఇట్లు,
లక్ష్మీకాంతరావు

తా.క.: జానకీబాయిని. నీ బస్సు పోయే తొవ్వల రెండు గదుల కిరాయిల్లు కనవడితె చెప్పు బిడ్డా. మేకు కొట్టనిచ్చే ఓనరైతె జర మంచిది. ఆయన నిన్నటి సంది క్యాలెండరు దగ్గరికి పోతలేడు.


మెట్‌పల్లి,
17 మార్చి 2025.

సార్‌కు, అమ్మకు, రోజారాణి నమస్కారాలు.

మీ ఉత్తరం ఇవాళ అందింది. ఆలస్యమైంది సార్. ఆ ఇంటికి గురువారమే బయానా అయిపోయింది. ఇచ్చింది నేనే.

కరుణాకర్ గారు ఆ సాయంత్రం మా బస్సే ఎక్కారు. మెట్‌పల్లి దాటినప్పటి నుంచి ఫోనులో ఒకటే అరుపు. "ఇరవై ఆరేండ్లు ఉండనిస్తె ఓనరే అయి కూసున్నడు! గేటుకు కాయితం కట్టిండు!" బస్సంతా వింటోంది. నేను టికెట్ చింపి చేతిలో పెట్టి, "ఆ ఇల్లు నేను కొంట సార్" అన్నాను. ఆయన చిల్లర లేదని చెప్పబోయి ఆగిపోయారు.

ధర్మపురిలో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. చాయ్ తాగుతూ మాట్లాడుకున్నాం. "ఉగాదిలోపు ముసలోళ్ళను ఖాళీ చేయించి ఇస్త, ఫికర్ చెయ్యకు" అన్నారు. "వద్దు సార్, వాళ్ళతోని కలిపే ఇయ్యిండ్రి. వాళ్ళు లేకుంటె నాకు గా ఇల్లే అక్కెరలే" అన్నాను. "గిదేం బేరమమ్మా? అందరు ఖాళీ ఇల్లు అడుగుతరు!" అని ఆయన హనుమండ్లన్న వైపు చూశారు. హనుమండ్లన్న "మా చెల్లె గంతే సార్" అన్నాడు. అక్కడే ఫోనులో బయానా పంపి కాగితం రాసుకున్నాం, సాక్షి సంతకం హనుమండ్లన్నదే.

మీరు కిరాయిదారులని నాకు మీ మొదటి ఉత్తరంతోనే తెలుసు సార్. క్యాలెండరును కిటికీ ఊచకు ఎవరు కడతారు? మేకు కొడితే ఓనరు ఏమంటాడో అని భయపడేవాళ్ళు. నేను పదకొండు ఇళ్ళలో కట్టాను. కరివేపాకును బకెట్లో ఎవరు పెంచుతారు? పోయేటప్పుడు వెంట తీసుకుపోవాలనుకునేవాళ్ళు. సొంతిల్లు ఉన్నవాళ్ళు గోడకు మేకు దెబ్బ లేదని గొప్పగా చెప్పుకోరు. ఎందుకు అడగలేదంటారా? నేను కూడా డిపోలో రెండేళ్ళు మా ఇల్లు సొంతమనే చెప్పుకున్నాను. అందులో ఎంత సంబరం ఉందో, ఎంత భయం ఉందో నాకు తెలుసు. మీ దగ్గర ఆ సంబరం లాక్కోవడానికి నాకు మనసు రాలేదు.

వెనక మూడు గదులు మాకు. ముందరి రెండు మీవి. కిరాయి ఎంతో మీరే కాగితం మీద రాసుకోండి, ఊరికే ఉండమంటే మీరు రిజిస్టర్డ్ పోస్టు పంపుతారు. గేటు మీది పేరు తీయకండి. దాని కింద మా పేరు కట్టుకుంటాం. ఆఫీసులో దస్తావేజు కంప్యూటరులోనే కొడతారట, కాని నాకు ఒక ప్రతి మీ చేతిరాతతో కావాలి.

ఇట్లు,
మీ రోజారాణి

తా.క.: కొమురవ్వకు చెప్పండి, కొత్తోళ్ళకు లీటరు.

మళ్ళీ తా.క.: ఆదివారం వస్తున్నాం. సుత్తె తెస్తాను. మా పెళ్ళికి ఎవరో ఇచ్చారు, పదిహేనేళ్ళలో ఒక్కసారీ వాడలేదు. అమ్మా, ఫోటోను బియ్యం డ్రమ్ము మీద నుంచి దించి తుడిచిపెట్టండి, మొదటి మేకు మీకే. రెండోది క్యాలెండరుకు. గోడ మీదికి మార్చినా సరే సార్, పొద్దున ఏడు గంటలకు మీరు మాత్రం కిటికీ దగ్గరికే రండి.